ఎద్దు ఉపవాసం

3 ఫిబ్రవరి 1986, సోమవారం

సబ్బు అరిగిపోయింది గానీ చేతుల కంపు పోలేదు. అమ్మ అన్నం వడ్డిస్తే కంచం ముందు కూర్చుని లేచి వచ్చేశాను. 

జీవకారుణ్య సంఘం దొడ్లో తెల్లావు చచ్చిపోయింది. నిన్న ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. మిగిలిన అన్నం, బూందీ, పూర్ణాలు రిక్షాలో వేసుకొచ్చి, నేను చర్చిలో ఉన్న సమయంలో తొట్టిలో కుమ్మరించి పోయారు. తియ్యగా ఉంటే పశువు ఎందుకు మానుతుంది? మూతి ఎత్తకుండా తినేసింది. తెల్లారేసరికి పొట్ట డోలులా ఉబ్బి, కాళ్ళు బార్లా చాపి పడి ఉంది. పశువుల డాక్టరు లీలావతి గారు వచ్చేసరికే ప్రాణం పోయింది. అయినా ఆవిడ కొంగు నడుముకి బిగించి, పొట్ట కోసి నాకూ కాపలా కోటయ్యకీ చూపించారు. పులిసిన అన్నం, బూందీ, మధ్యమధ్య విస్తరాకు ముక్కలు.

"చూడు దయామణీ. దీని కడుపు గడ్డికి పుట్టింది. ఒక్కసారి ఇంత అన్నం, ఇంత తీపి పడితే లోపల పులిసి విషం అయిద్ది. ఎన్నిసార్లు చెప్పినా ఈ జనానికి ఎక్కదు" అన్నారు.

సంఘం ప్రెసిడెంటు జానకిరామయ్య గారు తన పప్పు మిల్లు నుంచి కారులో వచ్చాడు. దూరంగా నిలబడి, ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "దాని ఆయుష్షు తీరిందమ్మా. కడుపు నిండా పెళ్ళి భోజనం చేసి పోయింది, అదృష్టవంతురాలు" అన్నాడు.

ఛీ.

4 ఫిబ్రవరి

అమ్మ ఇవాళ మళ్ళీ మొదలుపెట్టింది. "ఏమే దయా, బళ్ళో పిల్లకాయలకి సైన్సు చెప్పి చెప్పి గొంతు పోయేది చాలదా? ఆ పేడ కంపులో ఏం ఉందని పొద్దునా సాయంత్రం పరిగెత్తుతావు? నీకు జీతం ఇస్తున్నారా?"

లేదు. మా కుక్క రాజుగాడి కోసం అని చెబితే నవ్వుతుంది. కుక్క కోసం ఏడ్చిన టీచరని బళ్ళో ఇప్పటికే పేరుంది. పోయినేడు మునిసిపాలిటీ వాళ్ళు విషం పెట్టిన మాంసం ముక్కలు మా వీధిలో వేస్తే, మా గుమ్మం ముందే కొట్టుకుని చచ్చాడు. పోట్లాడ్డానికి ఆఫీసుకి వెళితే గుమాస్తా పళ్ళు ఇకిలించాడు. అక్కడే ఉన్న లీలావతి గారు, "ఈళ్ళ మీద అరిస్తే ఏమొచ్చుద్ది? బతికున్న వాటి దగ్గరికి రా" అన్నారు. వెళ్ళాను. అంతే.

బతికున్న వాటి దగ్గరే ఉన్నాను. చంపేవాళ్ళే రకరకాలుగా వస్తున్నారు.

8 ఫిబ్రవరి, శనివారం

శనివారం వచ్చిందంటే దొడ్డి గేటు ముందు బారు. నువ్వుల ఉండలు, బెల్లంలో కలిపిన నానబెట్టిన శనగలు, నూనె కారే గారెలు. వాళ్ళ శని దిగి మా పశువుల కడుపులో పడుతుంది. ఇవాళ గొంతు బొంగురు పోయేదాకా అరిచాను. ఒకావిడ గారె వెనక్కి తీసుకోకుండా నా చేతిలో పెట్టి, "పోనీ నువ్వు తిను" అని వెళ్ళిపోయింది.

మావాళ్ళు తక్కువ తిన్నారా? క్రిస్మస్ మర్నాడు చర్చిలో మిగిలిన పాయసం బకెట్లతో మోసుకొచ్చింది మా పాటలు పాడే అమ్మాయిలే. అవీ ఆ గేటు ముందే పారబోయించాను. అప్పటినుంచి నాతో మాట్లాడరు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

ఇవాళ ఒక ఎద్దు వచ్చింది. బూడిదలాంటి మైల రంగు. ఎముకల గూడులా ఉన్నా పెద్ద ఒడ్డూ పొడుగూ. పొడుగాటి కొమ్ములు. ఎడ్లపాడు వైపు రైతు ఒకతను తోలుకొచ్చి, గేటుకి కట్టేసి, చప్పుడు చేయకుండా పోతుంటే పట్టుకున్నాను.

"ఏందయ్యా, చెప్పాపెట్టకుండా పోతున్నావు?"

"కోటప్పకి వదిలానమ్మా. మొక్కు."

"కోటప్పకి వదిలితే కోటప్పకొండ దగ్గర వదులు. ఇక్కడేంది?"

"కొండ దాకా నడవలేదమ్మా ఇది. ఇదీ కొండ రోడ్డే గదా."

అరక దున్నించుకున్నారు, బండి లాగించుకున్నారు. ఇప్పుడు వదిలారు. వదలడం అనే మాట ఎంత సుఖంగా ఉందో వీళ్ళకి. గెంటేశాం అనక్కర్లేదు, పైగా మొక్కు తీరుతుంది. అతను పోతూ పోతూ ఎద్దుకి దణ్ణం కూడా పెట్టాడు.

మైలోడు అని పిలుస్తున్నాను. నీళ్ళ బకెట్ పెడితే ఒకే గుక్కలో తాగి, తడి మూతి తెచ్చి నా భుజానికి ఆనించాడు. జాకెట్టు అంతా జిగురు. ఇవాళ నాకు రోత పుట్టనిది ఆ జిగురు ఒక్కటే.

21 ఫిబ్రవరి

అమ్మ ఈస్టర్ ముందు శ్రమల దినాలకి ఉపవాసం ఉంటోంది. నలభై రోజులూ ఒంటిపూటే. ఎదురింటి వాళ్ళు ఏదైనా పెట్టబోతే, "ఉపవాసమమ్మా" అంటుంది, వాళ్ళు వెంటనే చేయి వెనక్కి తీసుకుంటారు. ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న ఉండదు.

నేను మాత్రం కడుపు, పులియడం, విషం అంటూ పాఠం చెబుతాను. నవ్వుతారు. "మా తాతల కాడ్నించి పెడతన్నాం, ఏ ఆవూ చావలా" అంటారు.

మైలోడు గడ్డి బాగా తింటున్నాడు.

3 మార్చి, సోమవారం

శివరాత్రి నాడు మన దొడ్డి ముందే పశువులకి పులిహోర పంపకం పెడుతున్నానని జానకిరామయ్య గారు ప్రకటించాడు. కాగుల్లో వండిస్తాడట. మైకు, షామియానా. ప్రభలు కట్టుకుని కొండకి పోయే జనం అంతా ఈ రోడ్డునే పోతారు, ఒక్కొక్కరు ఒక్కో దోసెడు తమ చేత్తో పెట్టుకోవచ్చు, పుణ్యం.

"ప్రెసిడెంటు గారూ, తెల్లావు ఎట్లా చచ్చిందో మీరు చూశారు గదా."

"అది పెళ్ళి భోజనం. ఇది ప్రసాదం. తేడా లేదంటమ్మా?"

"కడుపుకి తేడా తెలియదండీ."

"మీకు మా మొక్కుల సంగతి తెలియదులే అమ్మా" అన్నాడు, చాలా మెత్తగా, ఎనిమిదో తరగతి పిల్లకి చెప్పినట్టు. దొడ్లో ఆవులు, ఎద్దులు, రెండు గాడిదలు. వచ్చేవాళ్ళు వేలమంది. ఒక్కొక్క దోసెడు. లెక్క చేయలేదు, చేస్తే నిద్ర పట్టదు.

లీలావతి గారు ఆ రోజు ఊళ్ళో ఉండరట. గుంటూరులో మీటింగు.

శివరాత్రి

 రాస్తుంటే నవ్వొస్తోంది. దేవుడు నన్ను క్షమించాలి.

పొద్దుటి నుంచే ప్రభలు. డప్పులు, రంగు కాగితాలు, చెమట. దొడ్డి ముందు కాగుల మూతలు తీశారు. పులుపు వాసనకి ఆవులన్నీ గేటు మీదికి తోసుకొచ్చాయి. ముందు మైలోడు. జానకిరామయ్య గారు పట్టుపంచెలో, రెండు చేతులా పులిహోర ముద్ద పట్టుకుని మైలోడి మూతి దగ్గరికి తెచ్చాడు. వెనకాల జనం, దోసెళ్ళు చాచుకుని. నేను మధ్యలో దూరాను. ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పాల్సినవన్నీ నెల రోజులుగా చెప్పి ఉన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. "ఈ ఎద్దు ఉపవాసంలో ఉంది."

చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఏందీ?"

"ఉపవాస దీక్ష. గడ్డి, నీళ్ళు తప్ప ముట్టదు."

"ఎన్నాళ్ళు?" అని ఎవరో అడిగారు. అమ్మ గుర్తొచ్చింది. "నలభై రోజులు" అన్నాను.

"మండల దీక్ష!" అని ఒక ముసలాయన పెద్దగా అన్నాడు. జానకిరామయ్య గారు ముద్ద కిందకి దించాడు. "పోనీ మిగతా వాటికి పెడదాం" అన్నాడు. అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. "దీక్షలో ఉన్నదాని కళ్ళ ముందు ఇంకోటి తినకూడదు. దీక్ష చెడిద్ది" అన్నాను.

ఒక్కరు వాదించలేదు. పులిహోర అంతా జనమే తిన్నారు. పోయేటప్పుడు మైలోడికి దణ్ణాలు పెట్టి పోయారు.

శివరాత్రి మర్నాడు

ఆలోచిస్తే అది అబద్ధం కాదు. ఎద్దు నిజంగానే అన్నం తినడం లేదు, గడ్డే తింటోంది. మనిషి లెక్కన చూస్తే అది ఉపవాసమే. ఒక్క పశువు కూడా చావలేదు. లీలావతి గారు విని కడుపు పట్టుకుని నవ్వారు.

13 మార్చి

మైలోడి మెడలో బంతిపూల దండ. నుదుటి మీద విభూది, కాళ్ళకి పసుపు. జానకిరామయ్య గారు "మైలోడేందమ్మా, మైల అనకూడదు" అని పేరు మార్చాడు. ఇప్పుడు వాడు ఉపవాస నంది. కోటయ్య ఇంట్లో రోజూ కొబ్బరి పచ్చడేనట.

శనివారం గారెల వాళ్ళు మానేశారు. నేను గెలిచానని రాసుకుందామనుకున్నాను. ఆ దండలు చూస్తే రాయబుద్ధి కావడం లేదు.

వాడు తల విదిలిస్తున్నాడు. ఈగలేమో.

16 మార్చి, ఆదివారం

రోత. రోత. రోత.

సాయంత్రం దొడ్డి నిండా జనం. ఒక్కొక్కరు ముందుకొచ్చి చెవిలో అడుగుతున్నారు. "సామీ, మా పత్తి పురుగు తగ్గిద్దా?" మైలోడు తల విదిలిస్తాడు. "సరే అన్నాడు!" అని చప్పట్లు. "సామీ, మా కోడలికి మగపిల్లాడేనా?" విదిలిస్తాడు. చప్పట్లు. గంగిరెద్దులా తల ఊపుతున్నాడనుకుంటున్నారు వీళ్ళు. నేర్పకుండానే సమాధానం చెబుతోందట, అదీ మహత్యం.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కుడివైపుకే విదిలిస్తున్నాడు. కుడి ముక్కులోంచి మాత్రమే నెత్తుటి జీర కలిసిన చీము కారుతోంది. నేను గుడ్డ వెతుక్కునేలోపు ఒకావిడ వంగి, దాన్ని చీర చెంగుతో తుడిచి కళ్ళకి అద్దుకుంది.

బయటికొచ్చి గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

17 మార్చి, సోమవారం

బడి ఎగ్గొట్టి లీలావతి గారిని తీసుకొచ్చాను. ఆవిడ కుడికొమ్ము మొదట్లో వేలితో నొక్కారు. మైలోడు వెనక్కి తూలి కోటయ్యని గోడకి నొక్కేశాడు.

"కొమ్ము క్యాన్సరు" అన్నారు. "లోపలంతా కుళ్ళుతోంది. ఆ నొప్పికే తల విదిలిస్తోంది. ఇంకా మెదడు దాకా పోలా. కొమ్ము మొదలంటా కోసేస్తే బతుకుద్ది. రెండు వారాలు దాటితే నేనేం చేయలేను."

నేను అప్పుడే కోసేయమన్నాను. జానకిరామయ్య గారిని అడగాలి, దొడ్డి మీద పెత్తనం ఆయనది. అడిగాం.

"నంది కొమ్ము కోస్తారంటమ్మా! దీక్షలో ఉన్నప్పుడు కత్తి తగలకూడదు. మండలం నిండనీ. ఏప్రిల్ మధ్యకి నిండిద్ది. అప్పుడు చూద్దాం."

"అప్పటికి చచ్చిపోద్దండీ" అన్నారు లీలావతి గారు.

"దీక్షలో పోతే కైలాసమే గదా డాక్టరమ్మా. నలభై రోజులని చెప్పింది ఈ టీచరమ్మే."

అవును. చెప్పింది నేనే.

18 మార్చి

నలభై ఎందుకు అన్నాను? వారం అంటే సరిపోయేది.

20 మార్చి

సూదిమందు కూడా వద్దన్నాడు. దీక్షకి భంగమట. లీలావతి గారు నొప్పి మాత్రలు గడ్డిలో చుట్టి ఇచ్చారు, నేను దొంగతనంగా పెట్టాను. కోటయ్య చూశాడు, తల తిప్పుకున్నాడు. "నాకేం తెలవదమ్మా. నాకు మాత్రం ఎద్దు ఏడుస్తన్నట్టుంది" అన్నాడు.

పదో తరగతి పిల్లలకి పరీక్షల ముందు ఆఖరి పాఠాలు. జీర్ణవ్యవస్థ చెప్పాను. ఒక పిల్ల లేచి, "టీచర్, ఉపవాస నందికి నిజంగా ఆకలి వేయదా?" అని అడిగింది. పుస్తకం బల్ల మీద విసిరేసి బయటికి వచ్చేశాను.

23 మార్చి, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా దొడ్డికి వెళ్ళాను. ఇల్లు కూడా తొక్కలేదు, తొక్కితే ధైర్యం పోయేది. నీళ్ళ తొట్టి గట్టు ఎక్కి నిలబడ్డాను.

"అందరూ వినండి. ఈ ఎద్దు ఏ దీక్షలోనూ లేదు. నేను కల్పించాను. పులిహోర పెట్టి చంపుతారని అబద్ధం చెప్పాను. తల విదిలించేది నొప్పికి. కొమ్ము లోపల క్యాన్సరు. కోస్తే బతుకుద్ది, కోయకపోతే చచ్చిద్ది. నాదే తప్పు. నన్ను తిట్టండి, దాన్ని మాత్రం డాక్టరుకి వదలండి."

చెప్పేశాను. నాకు ప్రాణం లేచొచ్చింది. తిడతారు, కొడతారు కూడా, అయినా అయిపోతుంది అనుకున్నాను. అప్పుడు ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించింది.

"ఎంత అణకువ తల్లీ నీకు" అంది.

జానకిరామయ్య గారు నవ్వుతూ ముందుకొచ్చాడు. "అమ్మా, నువ్వు కిరస్తానీవి. దీక్ష అనే మాట నీ నోటికెట్టా వచ్చింది? మండలానికి నలభై అని నీకెవరు చెప్పారు?"

"మాకూ నలభై రోజులే. శ్రమల దినాలు. మా అమ్మ ఉంటోంది."

"చూశారా!" అని జనం వైపు తిరిగాడు. "ఆళ్ళ దేవుడికి కూడా నలభై అంట! ఎవరి నోట పలికించాలో కోటప్పకి తెలుసు. అబద్ధం చెప్పానని నువ్వు అనుకుంటన్నావు. నీ చేత పలికించినోడు ఆయన."

చప్పట్లు. చప్పట్లు! ఒకడు నా కాళ్ళ మీద పడబోతే తొట్టి గట్టు మీంచి దూకేశాను, చెప్పు తెగింది. నిజం చెబితే కూడా నమ్మని జనం మధ్య ఇక ఏం చేయాలి నేను? వీళ్ళకి అబద్ధమూ ఒకటే, నిజమూ ఒకటే. ఏది పోసినా ఆ కాగులోకే పోతుంది.

మైలోడి కుడికన్ను వాచింది.

25 మార్చి

సాయంత్రం చర్చి పెద్ద ఒకాయన ఇంటికొచ్చాడు. "అమ్మాయ్, నువ్వు ఎద్దుకి మొక్కుతున్నావంట. విగ్రహాల సంగతి నీకు చెప్పాల్నా?" నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి, "అది ఎద్దుకి వైద్యం చేయిద్దామనే అయ్యా" అంది. ఆయన పోయాక తలుపు దగ్గర నిలబడి మెల్లగా అడిగింది. "ఏమే, నిజంగా తల ఊపుద్దా? మీ పెద్దమ్మ మోకాళ్ళ సంగతి ఒకసారి అడగగూడదా?"

అమ్మ కూడా.

27 మార్చి

రెండు వారాల గడువుకి ఇంకో నాలుగు రోజులే. లీలావతి గారు చూసి పెదవి విరిచారు. కొమ్ము మొదలు కాస్త కదులుతోంది. ఈగలు.

28 మార్చి, మంచి శుక్రవారం

ఇవాళ చర్చికి వెళ్ళలేదు. వెళ్ళే ముఖం లేదు.

మధ్యాహ్నం జనం తక్కువ ఉంటారని వెళ్ళాను, తక్కువ లేరు. జానకిరామయ్య గారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏం చెప్పాలో ఈసారి నాకు ముందే తెలుసు. దారిలో రెండుసార్లు నోట్లోనే చెప్పుకున్నాను. దానికే నాకు ఎక్కువ అసహ్యం వేసింది, అప్పజెప్పడానికి బట్టీ పట్టిన పిల్లలా.

"ప్రెసిడెంటు గారూ, కొండకి పోయినోళ్ళు తలనీలాలు ఇస్తారు గదా?"

"ఇస్తారు."

"ఎద్దుకి జుట్టేది? ఏం ఇచ్చుద్ది?"

ఆయన నన్నే చూస్తున్నాడు. జనం దగ్గరికి జరిగారు.

"ఇన్నాళ్ళ నుంచి తల విదిలించి విదిలించి చెప్తంది, మనకి అర్థం కాలా. కుడికొమ్ము మొక్కుకుంది. అది ఇచ్చేదాకా దాని దీక్ష నిండదు."

నాకు నా గొంతు వినిపించింది.  జానకిరామయ్య గారు లేచి, మైలోడి ముందుకి వెళ్ళి చేతులు కట్టుకుని, పూజారి మంత్రం చదివినట్టు అడిగాడు.

"సామీ, కొమ్ము కోటప్పకి ఇస్తావా?"

ఈగ వాలిందో, నొప్పి లేచిందో, మైలోడు తల గట్టిగా విదిలించాడు. దండ తెగి బంతిపూలు అందరి మీదా పడ్డాయి.

"సరే అన్నాడు! సరే అన్నాడు!"

దాని నొప్పే దాన్ని కాపాడింది. నేను కాదు.

29 మార్చి, శనివారం

కోశారు.

బయట భజన, లోపల మేము. మైలోడికి మత్తు ఎక్కాక తాళ్ళతో పడుకోబెట్టారు. లీలావతి గారు కొమ్ము మొద్దుబారడానికి కన్ను వెనకాల సూది వేసి, కాసేపు ఆగి, తీగ రంపంతో కోశారు. కోటయ్య తల పట్టుకున్నాడు, నేను నెత్తురు తుడిచాను. కొమ్ము లోపల కోసిన కాలీఫ్లవరులా ఉంది, ఎర్రగా, కుళ్ళి. ఆ కంపు తెల్లావు కంపుని మించింది. లీలావతి గారు చర్మం మూసి కుట్లు వేసి, "బతుకుద్దనుకుంటన్నా" అన్నారు.

కొమ్ము లోతుగా పాతిపెట్టమని ఆవిడ చెబుతూనే ఉన్నారు. జానకిరామయ్య గారు పట్టుగుడ్డ పరిచిన ఇత్తడి పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. పెట్టించుకున్నాడు. ముక్కు మూసుకోలేదు, ఇవాళ కండువా అడ్డం రాలేదు. జనం ఒక్కొక్కరు వంగి ఆ కుళ్ళుని కళ్ళకి అద్దుకున్నారు. మేళంతో కొండకి పట్టుకుపోయారు.

ఇదంతా నేనే చేయించాను. వాళ్ళని అసహ్యించుకోవడానికి నాకు ఇంకేం హక్కుంది అనుకున్నాను. అయినా అసహ్యించుకున్నాను.

30 మార్చి, ఈస్టర్

మైలోడు రెండు గడ్డి పరకలు నమిలాడు.

3 ఏప్రిల్

కట్టు శుభ్రంగా ఉంది. జ్వరం లేదు. వాడి కళ్ళలో ఆ పొర పోయింది. మొహం ఒకవైపు బోడిగా, వంకరగా, చూస్తే నవ్వొస్తుంది.

తల విదిలించడం ఆపేశాడు. ఎవరేం అడిగినా స్తంభంలా నిలబడి నెమరు వేస్తున్నాడు. నిన్న ఒకాయన పొలం సంగతి నాలుగుసార్లు అడిగి, విసుగొచ్చి, "కొమ్ముతో పాటు మహత్యం కూడా కొండకి పోయింది" అని వెళ్ళిపోయాడు. జనం పలచబడ్డారు. జానకిరామయ్య గారు కూడా రాలేదు.

ఈ నెలన్నరలో నాకు ప్రాణం హాయిగా ఉన్న రోజు ఇదే. ఇక అబద్ధం చెప్పను. చచ్చినా చెప్పను.

7 ఏప్రిల్, సోమవారం

రాయాలనిపించడం లేదు, రాయకపోతే నిద్ర రాదు.

పొద్దున దొడ్లో కట్టు మారుస్తుంటే మాబున్నీసా వచ్చింది, మా వీధి చివర పరుపులు కుట్టే ఆవిడ. మనవరాలిని చంకలో వేసుకుని రొప్పుతూ వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. పిక్క మీద కుక్క కరిచిన గాటు, మీద సున్నం, కారం మెత్తి ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది.

"నిన్న సాయంత్రం కరిచిందమ్మా. ఆ కుక్క ఇంకో ఇద్దర్ని కరిచి చచ్చింది. సావల్యాపురంలో పసరు పోసేవాడు ఉన్నాడంట, బస్సుకి పోతన్నాం. ఆడు మంచోడేనా అని ఒకసారి నందిని అడిగి చెప్పు టీచరమ్మా."

"పసరేంది మాబున్నీసక్కా! వెంటనే పెద్దాస్పత్రికి పో. పిచ్చికుక్క. సూదులు వేయించకపోతే పిల్ల బతకదు."

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంట. ఇంత పిల్లకా! అల్లాడిపోద్ది, ఆ నొప్పికే చచ్చిపోద్ది."

నేను చెప్పాను. విషం నరాల్లోంచి మెదడుకి ఎట్లా ఎక్కుతుందో, నీళ్ళు చూస్తే ఎట్లా భయపడతారో, అన్నీ. బళ్ళో చెప్పేదానికంటే బాగా చెప్పాను. కాళ్ళు పట్టుకోబోయాను కూడా. ఆవిడ వినలేదు.

"నువ్వు చెప్పేది కాదమ్మా నాకు. నువ్వు పిల్లల్ని కన్నావా, పెంచావా? ఆ నందిని అడుగు. సూదులకి సరే అంటే పోతా. అనకపోతే సావల్యాపురం బస్సు ఎక్కుతా."

"అది ఎద్దు, మాబున్నీసక్కా."

"అడుగు."

అడిగాను. కోటయ్య ముందు, ఆ పిల్ల ముందు నిలబడి, "మైలోడా, పిల్లకి సూదులు వేయించమంటావా?" అని అడిగాను. మైలోడు నెమరు వేస్తూ నన్ను ప్రేమగా చూశాడు. కదల్లేదు. మళ్ళీ అడిగాను. కదల్లేదు. వాడికి నొప్పి లేదు, ఎందుకు కదులుతాడు?

మాబున్నీసా పిల్లని భుజం మార్చుకుని గేటు వైపు తిరిగింది.

అప్పుడు నా చెయ్యి కట్టు మీదికి పోయింది. మానని చోటు ఎక్కడో నాకు తెలుసు, రోజూ కడిగేది నేనే. గుడ్డ కింద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాను.

మైలోడు బుస కొట్టి తల విదిలించాడు. తాడు తెంచుకున్నంత పని చేశాడు.

"సరే అన్నాడు" అన్నాను. "చూశావుగా. పద, ఆస్పత్రికి పద."

మాబున్నీసా ఎద్దుకి దణ్ణం పెట్టింది. నేను పిల్లని ఎత్తుకుని రిక్షా ఎక్కించి తీసుకెళ్ళాను. మొదటి సూది పడేటప్పుడు పిల్ల నా చెయ్యి కొరికింది. బయటికొచ్చాక మాబున్నీసా కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగింది. "రేపటి సూదికి కూడా అడగాల్నా అమ్మా?"

"అక్కర్లేదు. పద్నాలుగింటికీ కలిపే సరే అన్నాడు."

సాయంత్రం మైలోడికి పచ్చగడ్డి తీసుకుని వెళ్ళాను. నేను చెయ్యి చాచితే వెనక్కి జరిగాడు. ఇంకాస్త దగ్గరికి వెళితే గోడకి ఆనుకుని వణికాడు. గడ్డి కోటయ్యకిచ్చి పక్కకి వచ్చాను. అతను పెడితే తిన్నాడు.